ప్రేమ నవలపై అభిప్రాయం రాయడం: నమ్మిన పేజీని పట్టుకునే పద్ధతి

ప్రేమ నవల ముగించిన వెంటనే రాసే అభిప్రాయాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. "కథ బాగుంది, హీరో నచ్చాడు, మధ్యలో కొంత సాగదీశారు, ముగింపు ముందే తెలిసిపోయింది" అని రాసి ఊరుకుంటాము. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ ఆ నవలకే చెందినది కాదు. పేరు మార్చి మరో నవల కింద అతికించినా ఎవరూ తేడా కనిపెట్టలేరు. నేనూ కొన్నేళ్లపాటు ఇలాగే రాశాను. చదివినవారు "ఇంతకీ చదవమంటారా, వద్దంటారా?" అని అడిగిన ప్రతిసారీ నా రాతలో ఏదో లోపించిందని తోచేది గాని, ఆ లోపం ఏమిటో చాలాకాలం అంతుపట్టలేదు.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఒకే ప్రశ్నను పట్టుకుని సాగుతుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు ప్రేమిస్తున్నారని నేను ఏ పేజీ దగ్గర నమ్మాను, నమ్మలేకపోతే ఆ నమ్మకం ఏ పేజీ దగ్గర సడలింది అన్నదే ఆ ప్రశ్న. ఒక నవల మనకు నచ్చడానికి మన వయసు, ఆనాటి మనఃస్థితి, ఎప్పటివో జ్ఞాపకాలు ఇలా ఎన్నో కారణాలు ఉండవచ్చు గాని, ఇద్దరి మధ్య ప్రేమను నమ్మించే పని పూర్తిగా రచన మీదే ఉంటుంది. ఆ పని జరిగిన చోటును, లేదా జరగని చోటును, వేలు పెట్టి చూపగలిగితే మీ అభిప్రాయంతో ఏకీభవించనివారికి కూడా అది పనికివస్తుంది.

ముందుగా ఒప్పందం సంగతి

ప్రేమ నవల వేరు, ప్రేమ ఉన్న నవల వేరు. 1980లో ఏర్పడిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఈ తేడాను రెండు షరతులతో చెప్పింది. కథకు కేంద్రం ప్రేమే అయి ఉండాలన్నది మొదటిది. ముగింపు మనసుకు తృప్తినిచ్చేదిగా, ఆశ కలిగించేదిగా ఉండాలన్నది రెండవది. ఆ సంఘం విభజనలో 1950 తర్వాతి కాలంలో జరిగే కథలు సమకాలీన ప్రేమ నవలలుగా లెక్కకు వచ్చేవి. ఈ రకం నవలలను విరివిగా చదివేవారు ముగింపులను కూడా రెండుగా విడదీసి చెప్పుకుంటారు. జంట జీవితాంతం కలిసి ఉంటుందన్న భరోసాతో ముగిస్తే దానిని హెచ్‌ఈఏ (హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్) అని, ప్రస్తుతానికి సంతోషంగా ఉన్నారు, ముందు సంగతి ముందు అన్నట్టు ముగిస్తే హెచ్‌ఎఫ్‌ఎన్ (హ్యాపీ ఫర్ నౌ) అని అంటారు.

నవలకూ పాఠకుడికీ మధ్య ఉన్న ఈ ఒప్పందం తెలిసినవారు "చివరికి కలుస్తారని ముందే తెలిసిపోయింది" అన్న ఫిర్యాదు రాయరు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడి సామెత మనకు ఉన్నదే. ఈ ఫిర్యాదు చేసేవాడు, రాముడు గెలుస్తాడని ముందే తెలిసిపోయిందని అలిగి లేచిపోయినవాడితో సమానం. 1984లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో జానిస్ రాడ్వే అనే అమెరికన్ పరిశోధకురాలు, ఒక పట్టణంలో ప్రేమ నవలలు విపరీతంగా చదివే స్త్రీలతో మాట్లాడి వారి అభిరుచులను నమోదు చేశారు. విషాదాంతం కాదని నిర్ధారించుకోవడానికి చివరి పేజీలను ముందే చూసుకునేవారు ఆ పాఠకులలో ఉన్నారు. చివర తెలిసిపోయినా వారి చదువుకు వచ్చిన లోటేమీ లేదు. పైగా ఏది మంచి నవల, ఏది చెత్త నవల అన్న విషయంలో వారికి ఖచ్చితమైన అభిప్రాయాలు ఉండేవి. గమ్యం తెలిసినవారికి దారిని పరిశీలించే తీరిక దొరుకుతుందని నేను అనుకుంటాను.

ఒప్పందాన్ని నవలే ఉల్లంఘిస్తే మాత్రం ఫిర్యాదు చేయవచ్చు, చేయాలి కూడా. అట్ట మీద, వెనక పేజీ పరిచయంలో ప్రేమ నవల అని చెప్పి, చివరి అధ్యాయంలో ఇద్దరిలో ఒకరిని చంపేస్తే పాఠకుడు మోసపోయినట్టే. అయితే ఆ తప్పు పరిచయం రాసి అమ్మినవారిదా, కథదా అన్నది విడదీసి రాయాలి. ఆ కథ విషాద నవలగా గొప్పదే కావచ్చు, సంచి మీద చీటీ ఒక్కటే తప్పు కావచ్చు.

చదువుతున్నప్పుడు పెట్టుకునే గుర్తులు

నమ్మిన పేజీని పట్టుకోవాలంటే చదువుతున్నప్పుడే గుర్తు పెట్టుకోవాలి. నవల పూర్తయ్యాక వెనక్కి చూస్తే ముగింపు ఇచ్చిన సంతోషం, లేదా చిరాకు, అంతకుముందు చదివినదంతటికీ తన రంగు పూస్తుంది. చివరి ముప్పై పేజీలు అదిరిపోతే మధ్యలో రెండుసార్లు పుస్తకం పక్కన పడేసిన సంగతి మనకు గుర్తు రాదు.

నేను పెట్టుకునే గుర్తులు మూడే. నమ్మిన చోట ఒక గీత, అనుమానం కలిగిన చోట ఒక ప్రశ్నార్థకం, కథ వదిలేసి ఫోను చూసుకున్న చోట ఒక సున్నా. పుస్తకం మీద రాయడం ఇష్టం లేనివారు చీటీలు పెట్టుకోవచ్చు, ఈ-బుక్ చదివేవారు హైలైట్ చేసుకోవచ్చు. ఆడియో వినేవారు నిమిషాలు రాసుకోవాలి. వారికి మరో జాగ్రత్త కూడా అవసరం. చదివి వినిపించిన గొంతు బాగుండడం వల్ల పేలవమైన సంభాషణ కూడా రక్తి కట్టి ఉండవచ్చు. అనుమానం వస్తే ఆ భాగాన్ని ఒకసారి కళ్లతో చదివి చూడాలి. గుర్తు పక్కన కారణం రాసే పని అప్పుడే పెట్టుకోవద్దు. కారణం ఆలోచించడం మొదలుపెడితే చదవడం ఆగిపోతుంది, పాఠకుడు పరీక్ష పేపర్లు దిద్దే మనిషిగా మారిపోతాడు.

నమ్మిన పేజీ ఎలా ఉంటుంది

ఈ వ్యాసం కోసమే నేను ఊహించిన ఒక నవలను ఉదాహరణగా తీసుకుందాము. పాత కాగితాలను, శిథిలమైన దస్తావేజులను మరమ్మతు చేసే విభాగంలో ఆమె పనిచేస్తుంది. ఆ విభాగాన్ని కొనసాగించాలా, మూసివేయాలా అన్న నివేదిక రాయడానికి అతడు వస్తాడు. ఆమెకు ఎడమ చెవి వినిపించదు. ఈ విషయం పాఠకుడికి మొదటి అధ్యాయంలోనే తెలుసు, అతడికి ఎవరూ చెప్పరు.

41వ పేజీలో ఇద్దరూ పొడవాటి వరండాలో నడుస్తుంటారు. అతడు ఎడమవైపు నుంచి మాట్లాడుతుంటాడు, ఆమె ప్రతి మాటకూ తల పూర్తిగా తిప్పి చూస్తుంటుంది. అతడికి అది మొదట ధిక్కారంలాగా కనిపిస్తుంది. 88వ పేజీలో ఇద్దరూ మెట్లు దిగుతుంటారు, మరమ్మతు జిగురు గురించి వాదన నడుస్తుంటుంది, ఆ వాదన మధ్యలో ఒక చిన్న వాక్యం వస్తుంది: "అతడు ఆమె వెనకనుంచి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి, మాట కొనసాగించాడు." అంతే. అతడు గమనించాడని రచయిత్రి చెప్పదు. ఆమె కృతజ్ఞతతో చూసిందని కూడా చెప్పదు. వాదన వాదనగానే సాగుతుంది. ఆ తర్వాత, ఒక్క చోట తప్ప, అతడు కనిపించిన ప్రతి సన్నివేశంలోనూ ఆమెకు కుడివైపే ఉంటాడు.

నేను ఇలాంటి నవల చదివి ఉంటే 88వ పేజీలో గీత పెట్టుకునేవాడిని. ఆ పేజీలో ప్రేమ అన్న మాట లేదు, ముద్దు లేదు, వర్ణన లేదు. ఒక మనిషి మరో మనిషిని శ్రద్ధగా గమనించి, గమనించినట్టు చాటుకోకుండా, తన నడకను కొంచెం మార్చుకున్నాడు. ఇదే సన్నివేశాన్ని మరొకరు రాస్తే "ఆమె కళ్లలోకి చూసిన ఆ క్షణంలో ఏదో తెలియని శక్తి అతడిని లాగింది, గుండె ఝల్లుమంది, ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఈమె కోసమేనని తెలిసిపోయింది" అని ఉండేది. ఆ రెండో వాక్యంలోని ఆమె స్థానంలో ఏ స్త్రీని నిలబెట్టినా వాక్యం చెక్కుచెదరదు. మెట్ల సన్నివేశంలో ఆమె స్థానంలో మరొకరిని నిలబెడితే అది కూలిపోతుంది. ఇదే నేను వాడే పరీక్ష: ఈ ప్రేమ వాక్యం ఈ మనిషికే సరిపోతుందా, ఎవరికైనా సరిపోతుందా? మీరు గీత పెట్టుకున్న ప్రతి చోటునూ ఈ పరీక్షకు పెట్టి చూడండి. పరీక్షలో నిలిచిన ఒక్క చోటు దొరికినా అభిప్రాయానికి వెన్నెముక దొరికినట్టే.

అంతటితో ఆగకుండా, ఆ చిన్న వివరం తర్వాత ఏమైందో కూడా వెతకాలి. మన ఊహా నవలలో 230వ పేజీలో గొడవ జరుగుతుంది. విభాగాన్ని మూసివేయమనే నివేదికలో రాశానని అతడు ఒప్పుకోవలసి వస్తుంది. కంగారులో ఆమెకు ఎడమవైపు నిలబడి, తల వంచుకుని, వివరణ మొత్తం చెప్పేస్తాడు. ఆమెకు సగం కూడా వినిపించదు. తల తిప్పేసరికి అతడి పెదవులు ఆగిపోయి ఉంటాయి. 88వ పేజీలో నాటిన విత్తనం ఇక్కడ ముల్లుగా మొలిచిందన్నమాట. ఇలాంటి అల్లిక కనిపించినప్పుడు దాన్ని పేర్కొనకుండా "ఎమోషన్ బాగా పండింది" అని రాస్తే, రచయిత్రి పడిన శ్రమను మనం చూసి కూడా చెప్పనట్టే అవుతుంది.

అడ్డంకిని తూచడం

ప్రేమ నవల నిర్మాణాన్ని గురించి పామెలా రెజిస్ అనే విమర్శకురాలు 2003లో ప్రచురించిన గ్రంథంలో ఎనిమిది అంశాలను గుర్తించారు. జంట బతుకుతున్న సమాజం ఎలాంటిదో తెలియడం, ఇద్దరూ కలవడం, వారి మధ్య అడ్డంకి, ఆకర్షణ, ప్రేమను వెల్లడించడం, అంతా ముగిసిపోయిందనిపించే ఘట్టం, అడ్డంకిని దాటించే ఎరుక, చివరికి ఒకటి కావడం అన్నవి ఆ ఎనిమిది. వాటిని పట్టికగా రాసుకుని మార్కులు వేయమని నేను చెప్పను. అలా వేసిన మార్కులు ఎవరికీ ఉపయోగపడవు. నా దృష్టిలో వాటిలో అడ్డంకి ఒక్కటే మిగతా ఏడింటి బరువునూ మోస్తుంది, అభిప్రాయాలు ఎక్కువగా తప్పిపోయేది కూడా దాని దగ్గరే.

"ఇద్దరూ పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే కథే ఉండదు" అన్న విమర్శ మీరు చాలాసార్లు విని ఉంటారు. అది కొన్నిసార్లు నిజమే. అయినా ఆ విమర్శ చేసేముందు మరో ప్రశ్న వేసుకోవాలి: మాట్లాడితే ఈ మనిషి ఏం పోగొట్టుకుంటుంది? పోగొట్టుకునేది ఏమీ లేకపోతే ఆ మౌనం రచయిత అవసరం కోసం పెట్టినదే, నిర్మొహమాటంగా అలాగే రాయవచ్చు. పోగొట్టుకునేది ఉంటే, అది ఎంత విలువైనదో, దాని బరువు మనకు తెలిసేలా నవల ముందే చూపించిందో లేదో వెతకాలి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక నవలలో కథానాయిక ఊరు వదిలి వెళ్లిన కారణాన్ని రెండు వందల పేజీలపాటు ఎవరికీ చెప్పదు. నాకు ఒళ్లు మండి, ఆమె మొండితనానికి కారణమే లేదని, కథను సాగదీయడానికే ఆమె నోరు కట్టేశారని ఘాటుగా రాశాను. ఏడాది తర్వాత ఆ నవలనే మళ్లీ తెరిస్తే మొదట్లోనే ఒక అర పేజీ కనిపించింది. చిన్నప్పుడు ఆమె తన బాధను నమ్మి చెప్పుకున్న మనిషి దాన్ని నలుగురిలో నవ్వులాటగా మార్చేస్తాడు. కారణం అక్కడే ఉంది, నేను అర్ధరాత్రి నిద్రకళ్లతో ఆ అర పేజీ మీదుగా దాటిపోయాను. అప్పటినుంచి "కారణం లేదు" అని రాసేముందు మొదటి యాభై పేజీలను మరోసారి తిప్పిచూడడం నియమంగా పెట్టుకున్నాను. ఆ తిరగేతకు అరగంట పడుతుంది. ఘాటైన తప్పుడు మాట రాసి తర్వాత నాలుక కరుచుకోవడం కంటే అది చాలా తేలిక.

కథ ముగింపుకు ముందు వచ్చే విడిపోవడం గురించి, అంటే థర్డ్ యాక్ట్ బ్రేకప్ గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. అది ఉండడం తప్పు కాదు, లేకపోవడం గొప్పా కాదు. అప్పటిదాకా మనం చూసిన ఇద్దరు మనుషులు అలా విడిపోయే మనుషులేనా అన్నదే తేల్చవలసిన విషయం. మన ఉదాహరణలో నివేదిక మొదటి పేజీ నుంచీ ఉంది కాబట్టి ఆ గొడవ రావలసిందే. దానికి బదులు 220వ పేజీలో అతడి పాత ప్రేయసి ఉన్నట్టుండి తలుపు తట్టి ఉంటే, ప్రశ్నార్థకం పెట్టుకోవడానికి పెన్సిలు వెతుక్కునేవాడిని.

ట్రోపుల గురించి కొంచెం

శత్రువులు ప్రేమికులు కావడం, ఉత్తుత్తి ప్రేమ నిజమవడం, విడిపోయినవారికి రెండో అవకాశం దొరకడం, ముభావంగా ఉండే ఒకరికి గలగలా మాట్లాడే మరొకరు జత కావడం వంటి కథా మూసలను పాఠకులు ట్రోపులు అంటున్నారు. ఈ మధ్య నవలలను వాటి పేర్లతోనే అమ్ముతున్నారు, వాటి పేర్లతోనే వెతుక్కుని కొనుక్కుంటున్నారు. ట్రోపు ఉండడాన్ని సుగుణంగానో దోషంగానో రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ప్రతి ట్రోపుకూ తీర్చవలసిన బాకీ ఒకటి ఉంటుంది, అది తీరిందా అన్నది చెప్పాలి. శత్రుత్వం కథలో ఆ శత్రుత్వానికి నిజమైన కారణం ఉండాలి. కారిడార్‌లో ఒకరినొకరు గుద్దుకుని కాఫీ ఒలికించుకోవడం శత్రుత్వం కాదు. ఉత్తుత్తి ప్రేమ కథలో వారి నాటకాన్ని నమ్మి మోసపోయినవారు ఎవరో ఉంటారు, నిజం బయటపడ్డాక నవల వారిని మరిచిపోకూడదు. రెండో అవకాశం కథలో మొదటిసారి విడిపోయిన కారణం ఇప్పటికీ అలాగే ఉందా, మారితే ఏం మారిందో చూపించాలి. ఏమీ మారకుండా ఇద్దరికీ వయసు పెరగడం ఒక్కటే చాలదు, ఎంత అందంగా పెరిగినా సరే.

అధికారం, అంగీకారం, పడకగది

సమకాలీన ప్రేమ నవలలపై తీవ్రంగా వాదనలు జరిగేది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా రాయాలి. ఇద్దరిలో ఒకరు యజమాని, మరొకరు ఉద్యోగి అయినప్పుడు, ఒకరికి డబ్బో పేరో అపారంగా ఉండి మరొకరికి ఏమీ లేనప్పుడు, "వద్దు" అనగలిగే స్వేచ్ఛ ఇద్దరికీ సమానంగా ఉండదు. నవల ఆ సంగతిని గుర్తించిందా అని చూడాలి. గుర్తించడమంటే ఉపన్యాసం ఇవ్వడం కాదు. ఆమె ఒకసారి కాదన్నప్పుడు ఆమె ఉద్యోగానికి ఏమీ జరగలేదని ఒక సన్నివేశంలో చూపించినా గుర్తించినట్టే.

అసూయతో వెంటపడే, ఫోను తనిఖీ చేసే, ఎవరితో మాట్లాడాలో నిర్ణయించే కథానాయకుడి విషయంలో పాఠకులు రెండు వర్గాలుగా విడిపోతారు. అలాంటి మనిషిని చిత్రించినంత మాత్రాన రచయిత అతడిని సమర్థించినట్టు కాదన్నది ఒక వర్గం మాట; చిత్రించిన తీరే సమర్థన అన్నది రెండో వర్గం మాట. నేను ఈ తగవును పాత్రల మాటలను బట్టి కాక, కథ ఎవరికి బహుమతి ఇచ్చింది అన్నదాన్ని బట్టి తేల్చుకుంటాను. అతడు ఫోను తనిఖీ చేసినందువల్లే ఒక ప్రమాదం తప్పిందని కథ చూపిస్తే, ఆ నవల అతడి పక్షాన నిలబడింది. అదే పని వల్ల ఆమె అతడికి ఏమీ చెప్పడం మానేసిందని, ఆ నష్టాన్ని అతడే పూడ్చుకోవలసి వచ్చిందని చూపిస్తే, నవల అతడిని చూస్తూనే అతడి పక్షాన నిలబడలేదు. మీరు ఏ నిర్ణయానికి వచ్చినా, ఏ సంఘటన ఆధారంగా వచ్చారో చెబితే చదివేవారు తమ నిర్ణయాన్ని తాము చేసుకోగలుగుతారు. అంతేకాని ఆ నవలను ఇష్టపడినవారి బుద్ధిని, వారి దాంపత్యాలను విశ్లేషించడానికి పూనుకోవద్దు. కల్పనలో ఆనందించేదంతా జీవితంలో కోరుకునేదే అయితే నేర పరిశోధన నవలలు చదివేవారందరినీ చూసి మనం భయపడవలసి వస్తుంది.

శృంగార సన్నివేశాల గురించి రాయడానికి మొహమాటపడి చాలామంది ఆ ఊసే ఎత్తరు, దానివల్ల చదవబోయేవారికి అసలు కావలసిన సమాచారం అందదు. పడకగది తలుపు దగ్గర ఆగిపోయే నవలా, లోపలికి వెళ్లే నవలా అన్నది ఒక్క వాక్యంలో సూటిగా చెప్పేయవచ్చు. హింస, గర్భస్రావం, ఆత్మహత్య వంటి ప్రస్తావనలు ఉంటే వాటినీ అలాగే చెప్పాలి. ఇక గుణదోషాల విషయానికి వస్తే, ఆ సన్నివేశానికి ముందు ఉన్న ఇద్దరూ తర్వాత కూడా అచ్చంగా అలాగే ఉంటే, మధ్యలోని పది పేజీలను చించేసినా కథకు నష్టం లేదని అర్థం.

రాయడానికి కూర్చున్నాక

గుర్తు పెట్టుకున్న పేజీలన్నీ ఒకసారి తిరగేసి, వాటిలో ఒక గీతను, ఒక ప్రశ్నార్థకాన్ని మాత్రమే ఎంచుకోండి. మిగతావి నిజమైనా వదిలేయండి. పది విషయాలు ఒక్కో వాక్యంలో చెప్పిన అభిప్రాయం కంటే రెండు విషయాలు నిండుగా చెప్పినదే పాఠకుడి మనసులో నిలుస్తుంది. సున్నాల సంఖ్య మాత్రం ఒకసారి లెక్కపెట్టుకోండి, "సాగదీశారు" అనే మాట వాడే హక్కు మీకు ఉందో లేదో అవే చెబుతాయి.

మన ఊహా నవలపై పాత పద్ధతిలో అయితే నేను ఇలా రాసి ఉండేవాడిని: "నేపథ్యం కొత్తగా ఉంది. హీరో హీరోయిన్ల మధ్య కెమిస్ట్రీ బాగా కుదిరింది. సెకండ్ హాఫ్ కొంచెం స్లో. క్లైమాక్స్ ఊహించినదే అయినా ఎమోషనల్‌గా ఉంది." ఇప్పుడైతే ఇలా రాస్తాను: "ఈ నవలలో ప్రేమ ఎక్కువగా నడకలోనే జరుగుతుంది. ఆమెకు ఎడమ చెవి వినపడదని అతడు ఎవరూ చెప్పకుండానే గ్రహించి, ఒక వాదన మధ్యలో మాట ఆపకుండా ఆమె కుడివైపుకు మారిపోయే చోట నేను ఈ జంటను నమ్మాను. ఆ నమ్మకం చివరిదాకా నిలబడింది గాని, విభాగం భవిష్యత్తును తేల్చే సమావేశం దగ్గర నాకు సందేహం కలిగింది. అంతవరకు మొండిగా ఉన్న పై అధికారులు ఒక్క ప్రసంగంతో మెత్తబడిపోయారు. ఇద్దరూ కష్టపడి గెలుచుకోవలసినది వారికి ఊరికే దక్కినట్టయింది. సంభాషణల్లో వాదన ఇష్టపడేవారికి ఈ నవల నచ్చుతుంది, త్వరగా దగ్గరైపోయే జంటలను కోరుకునేవారు ఓపిక పట్టవలసి ఉంటుంది." రెండోది నిడివిలో మూడింతలకు పైగా ఉన్నా, మరో నవల కింద అతికించడం సాధ్యం కాదు. నచ్చినవారెవరో, నచ్చనివారెవరో కూడా చివరి వాక్యంలో తేలిపోతుంది.

కథను వరుసగా ఎంతవరకు చెప్పవచ్చునన్న విషయంలో నేను పాటించే హద్దు మొదటి పావు భాగం; ఆ తర్వాతి భాగం నుంచి నా అభిప్రాయానికి ఆధారమైన చోటునే ప్రస్తావిస్తాను. ప్రేమ నవలలో ఇద్దరూ కలుస్తారని చెప్పడం స్పాయిలర్ (ముందే చెప్పి ఆసక్తిని చెడగొట్టడం) కాదు గాని, ఎందుకు విడిపోయారో, దాచిన రహస్యం ఏమిటో చెప్పేయడం స్పాయిలరే. పై రెండో అభిప్రాయంలో ఎడమవైపు నిలబడి చెప్పిన వివరణ గురించి నేను రాయకపోవడం మీరు గమనించే ఉంటారు. నా దృష్టిలో నవల మొత్తంలో అదే గొప్ప ఘట్టం, అయినా దాన్ని చదివేవారికే వదిలేయాలి.

ఇద్దరి కథనాలు వంతులవారీగా ఉత్తమ పురుషలో సాగే నవలలు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నాయి. అలాంటి నవలలో ఏదో ఒక అధ్యాయం తెరిచి, పైనున్న పేరును బొటనవేలితో మూసి, ఒక పేరా చదవండి. మాట్లాడుతున్నది ఆమెనా అతడా అన్నది పోల్చుకోలేకపోతే ఆ సంగతి అభిప్రాయంలో తప్పక రాయాలి. అనువాదం చదివితే అనువాదమని చెప్పాలి. వాక్యాలు కృతకంగా తోచినప్పుడు ఆ నింద మూల రచయిత మీద వేయకూడదు. పుస్తకం ఉచితంగా అందితే, లేదా రచయిత మీకు పరిచయస్తులైతే, ఆ మాట మొదట్లోనే రాసేయాలి. సగంలో ఆపేసిన నవల గురించి కూడా అభిప్రాయం చెప్పవచ్చు, ఎక్కడ ఆపేశారో పేజీతో సహా చెప్పి, ఆ తర్వాతి భాగం గురించి నోరు మెదపకుండా ఉంటే చాలు.

నక్షత్రాల విషయంలో తొందరపడవద్దు. పాఠకులు పుస్తకాలపై అభిప్రాయాలు రాసే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్ కొలతలో రెండు నక్షత్రాలంటే "పరవాలేదు" అని, మూడంటే "నచ్చింది" అని అర్థం. రెండు ఇస్తే తిట్టినట్టేనని భావించే పాఠకులు అక్కడ కూడా బోలెడుమంది ఉన్నారు. మీ లెక్కలో మూడు అంటే ఏమిటో ఒకసారి నిర్ణయించుకుని, ఎప్పుడూ అదే లెక్కన ఇవ్వండి. నేనైతే అభిప్రాయం పూర్తిగా రాసిన తర్వాతే నక్షత్రాలు పెడతాను. ముందే పెట్టినప్పుడు, రాసిన ప్రతి వాక్యమూ ఆ అంకెను సమర్థించుకోవడానికే ప్రయత్నిస్తున్నట్టు నాకు చాలాసార్లు అనిపించింది.

రాసినది ఒక రాత్రి పక్కన పెట్టండి. మరునాడు తీసి, అందులో నవల పేరును, పాత్రల పేర్లను చేత్తో మూసి చదవండి. ఇది ఏ నవల గురించో ఇంకా పోల్చుకోగలిగితే పంపించేయవచ్చు. పోల్చుకోలేకపోతే గుర్తులున్న పేజీల దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈసారి వాక్యం కాకుండా ఆ వాక్యంలో పాత్ర చేసిన పనిని రాసుకుని చూడండి.